ఉత్తరాలు అందే చిరునామా

విదేశీ విద్యార్థుల విభాగంలో ఆవిడకి ఒక పేరుండేది గానీ, అది జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. అందరికీ ఆవిడ మ్యాపు మేడం. యూనివర్సిటీ పెద్ద భవనంలో మూడో అంతస్తు, వరండా చివరి గది. ఒక కిటికీ, కిటికీ కింద సైకిల్ స్టాండు, ఎదురుగోడ మీద ఆవిడకన్న ఎత్తైన ప్రపంచ పటం. ఆ పటం మీద ఈగ వాలనిచ్చేది కాదు. ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని అటు రెండడుగులు వేస్తే చాలు, “ఆగాగు, అది నేను దులుపుకుంటాలే” అని కుర్చీలోంచి లేచిపోయేది.

పనేమిటో చెప్పడం తేలికే. ఏ దేశంలో ఏ ప్రాంతం పిల్లలు ఈ యూనివర్సిటీ గురించి వాకబు చేశారు, చేసినవాళ్ళలో ఎంతమంది దరఖాస్తు పెట్టారు, పెట్టినవాళ్ళలో ఎంతమంది నిజంగా పెట్టే బేడా సర్దుకుని వచ్చి చేరారు. ఈ మూడు అంకెలూ ఏడాది పొడుగునా పోగేసి ఒక పెద్ద షీటు తయారు చెయ్యాలి. షీటు చివర రెండు గళ్ళు. ఈ ఏడు ఆ ప్రాంతానికి మనిషి వెళ్ళాలా అక్కర్లేదా అన్నది మొదటి గడి. వెళ్తే ఎవరు అన్నది రెండోది. మొదటిదాంట్లో ఆవిడ మాటే చెల్లేది. రెండోదాంట్లో డైరెక్టరు గారు చెప్పిన పేరు రాసేది. ఇరవై నాలుగేళ్ళలో ఎంతమంది పేర్లు రాసిందో లెక్కలేదు గానీ, తన పేరు రాసుకునే అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు.

వెళ్ళొచ్చేవాళ్ళలో ముఖ్యుడు రిక్రూట్‌మెంట్ ఆఫీసరు. ఆయనకి ఆఫీసులో సూట్‌కేసు అని పేరు. సగం ఏడాది విమానాల్లోనే ఉండే మనిషి. తిరిగొచ్చి మేడం బల్ల ముందు కూలబడి, “ఆ హోటల్లో పరుపు అస్సలు బాలేదు మేడం” అనేవాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. దేశం కాని దేశం వెళ్ళి మోసుకొచ్చింది పరుపు సంగతా! “అది కాదు బాబూ, స్టేషను బయటికి రాగానే రోడ్డు ఎత్తుకి పోతుందా, పల్లానికి పోతుందా?” అని అడిగేది. “చూళ్ళేదు మేడం. కారొచ్చింది” అనేవాడు. చూసే కళ్ళు లేనివాడికి టిక్కెట్టు, కళ్ళన్నీ అక్కడే పెట్టుకున్నదానికి రబ్బరు స్టాంపూ దక్కాయి. ఇందులో న్యాయం ఎక్కడుందో నన్నడగొద్దు.

అసలు ఆవిడ ఆ ఉద్యోగంలో చేరిందే ప్రకటనలో ‘అంతర్జాతీయ’ అన్న మాట చూసి. అప్పటికి వయసు ముప్ఫై. చిన్నప్పటినుంచీ అట్లాసు ఒళ్ళో పెట్టుకుని పెరిగిన మనిషి, ఇంకేముంది, ప్రపంచం చుట్టేస్తాననుకుంది. ఆ మాట రాసిన బోర్డు కింద ఇరవై నాలుగేళ్ళు కూర్చుంది గానీ బోర్డు దాటి ఎక్కడికీ పోలేదు. ఒకసారి వంతు వచ్చినట్టే వచ్చింది, ఆ వారమే అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఇంకోసారి, గుమాస్తా హోదా వాళ్ళు విదేశీ ప్రయాణాలకి పనికిరారని ఎవరో రూలు వెతికి తీశారు. దాంతో ఆవిడ అడగడం మానేసింది. కోరిక మాత్రం మానలేదు. అది లోపలే కూర్చుని రోజూ పలకరిస్తూ ఉండేది.

అన్ని ఊళ్ళలోకీ ఆవిడ మనసు పడ్డది ఒక్క ఊరి మీద. సముద్రం ఒడ్డున ఉన్న ఒక రేవు పట్నం. తొమ్మిదేళ్ళ కిందట అక్కడినుంచి ఏడుగురు వచ్చి చేరారు, ఎవరూ వెళ్ళి పిలవకుండానే. మరుసటేడు పదిహేను. ఆ తర్వాత ఇరవై ఆరు, ముప్ఫై తొమ్మిది. ఈ ఏడు ఏకంగా అరవై ఒక్కరు యూనివర్సిటీలో చదువుతున్నారు. ఎక్కువ మంది వచ్చే చోటికి పటం మీద ముదురు నీలం పెన్సిలు, తక్కువ మంది వచ్చే చోటికి లేత నీలం, ఎవరూ రాని చోటు తెల్లగా వదిలేసేది. రేవు పట్నం మీద పెన్సిలు ఎంత రుద్దిందంటే అక్కడ కాగితం నున్నగా మెరిసేది.

చూడని ఊరి మీద అంత ప్రేమ ఎలాగంటే, చిరునామాల వల్ల. ప్రవేశం దొరికిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ కవరు మీద అడ్రసు ఆవిడే రాసేది. పాత రేవు వీధి, పదిహేడో నంబరు. తాళ్ళ బజారు, గంటస్తంభం ఎదురు సందు. దీపస్తంభం మెట్లు, కింది ఇల్లు. రాసి రాసి ఆ వీధులు చేతికి అలవాటైపోయాయి. పాత రేవు వీధి పదిహేడో నంబరుకైతే ఏడాదికి ఇరవై కవర్లు వెళ్ళేవి. ఎంత పెద్ద ఇల్లో, ఎంతమంది చదువుకునే పిల్లలున్న ఇల్లో అని మురిసిపోయేది. ఇరవై మంది ఒకే ఇంట్లో ఎలా ఉంటారమ్మా అని అనుమానపడాల్సిన చోట మురిసిపోవడం మనుషులకి మామూలే. ప్రేమలో ఉన్నప్పుడు మరీను.

సూట్‌కేసు ఒకటి రెండుసార్లు చెప్పాడు కూడా. “ఆ పట్నంలో సమావేశం పెడితే పట్టుమని పదిమంది రాలేదు మేడం. హాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నా.” ఆవిడ నమ్మలేదు. “మరి అరవైమంది ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నారయ్యా? నువ్వు సరిగ్గా పిలిచి ఉండవు” అని ఎదురు చీవాట్లు పెట్టింది.

ఇంతలో ఈ ఏడు సూట్‌కేసుకి సాయంగా వెళ్ళే అసిస్టెంటు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ప్రయాణం మూడు వారాల్లోకి వచ్చింది. డైరెక్టరు గారు ఆవిణ్ణి పిలిచి, ఫైలు మీంచి తల కూడా ఎత్తకుండా, “రేవు పట్నానికి ఈసారి ఆఫీసరుతో మీరే వెళ్ళండి. ఆ ఊరి సంగతి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? రిటైరవడానికి ఇంకెంతుంది మీకు?” అన్నాడు.

“పధ్నాలుగు నెలలండి.”

“అయితే ఇదే ఆఖరు. వెళ్ళిరండి.”

గదిలోకొచ్చి షీటులో రెండో గడి నింపింది. సూట్‌కేసు పేరు, దాని పక్కన తన పేరు. తన పేరులో ఒక అక్షరం వంకర పోతే తెల్ల సిరా పెట్టి దిద్దుకుని మళ్ళీ రాసింది.

ఇంట్లో పండగే అనుకోండి. మొగుడు కళ్ళద్దాల షాపు నడుపుతాడు, రోజంతా జనం చేత అక్షరాలు చదివిస్తూ ఉంటాడు. “ఆ ఊరు చూడాలని నీకుంది సరే, నిన్ను చూడాలని ఆ ఊరికుందో లేదో కనుక్కున్నావా?” అని వేళాకోళమాడుతూనే, సముద్రం మీద ఎండకి పనికొస్తాయని షాపులోంచి నల్లద్దాలు పట్టుకొచ్చాడు. చెల్లెలు తన చలికోటు తెచ్చిపెట్టింది. “అక్కా, పాస్‌పోర్టు ఫోటోలో ఏంటే అలా ఉన్నావ్? పోలీసులు పట్టుకున్నట్టు!” అని పడీపడీ నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది. ఎవరేమన్నా నవ్వొచ్చేలా ఉండేది ఆ రోజుల్లో. వంట చేస్తూ వంట మర్చిపోయేది, బస్సులో తన స్టాపు దాటిపోయేది.

వెళ్ళేముందు ఊరి గుట్టుమట్లు కొంచెం తెలుసుకుందామని బుద్ధి పుట్టింది. మధ్యాహ్నం పూట రెండు గంటలు ఆఫీసులో కవర్లు అంటించడానికి వచ్చే పిల్ల ఒకతి ఉంది. కామర్సు, మూడో ఏడు. రికార్డు ప్రకారం పాత రేవు వీధి, పదిహేడో నంబరు. ఆ పిల్లని క్యాంటీనుకి తీసుకెళ్ళి టీ ఇప్పించి, నోటుపుస్తకం తీసింది.

“చూడమ్మా, నీతో చిన్న పనుంది. పాత రేవు వీధిలోంచి దీపస్తంభం దగ్గరికి నడిచి వెళ్ళొచ్చా, బస్సెక్కాలా?”

ఆ పిల్ల ఈ భాష ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది. నెమ్మదిగా, మాట మాటా ఏరుకుంటూ మాట్లాడుతుంది. “నాకు తెలీదండి మేడం.”

“అదేమిటే, మీ ఊరేగా? పదిహేడో నంబరు మీ ఇల్లే కదా?”

“ఇల్లు కాదండి. లాడ్జి. పరీక్ష రాయడానికి వచ్చి అక్కడ మూడు రోజులున్నాను. పరీక్ష కేంద్రం ఆ పట్నంలోనే ఉంటుంది. మా దగ్గర లేదు.”

“మరి అడ్రసు అదిచ్చావేం?”

“ఉత్తరాలు అందే చిరునామా అని ఉందండి, ఫారం మొదటి పేజీలో. మా ఊరికి ఉత్తరాలు అందవు. కొరియరు రాదు. వానలప్పుడైతే రోడ్డే ఉండదు. ఆ లాడ్జి ఆవిడ మంచిది. అందరి ఉత్తరాలూ తీసి ఒక పెట్టెలో పెడుతుంది. పైనుంచి ఎవరు దిగితే వాళ్ళు పట్టుకెళ్తారు.”

“పైనుంచి అంటే?”

“కొండలండి. బస్సులో రెండు రోజులు.”

మేడం పెన్సిలు కింద పెట్టింది. “ఆ పదిహేడో నంబరు వాళ్ళంతా?”

“అందరం పైవాళ్ళమే. తాళ్ళ బజారు, గంటస్తంభం, అవన్నీ కూడా లాడ్జిలే. పట్నం వాళ్ళు ఇంత దూరం ఎందుకొస్తారు మేడం? వాళ్ళకి వాళ్ళ యూనివర్సిటీలే మూడున్నాయి.”

ఆ కొండ జిల్లా ఆవిడకి తెలియంది కాదు. పటంలో రేవు పట్నానికి జానెడు పైన తెల్లగా ఉన్న ముక్క. పదేళ్ళ కిందట మొదలుపెట్టి సూట్‌కేసుని అక్కడికి నాలుగేళ్ళు వరసగా పంపారు. ప్రతి ఏడూ వందలమంది వాకబు చేసేవాళ్ళు, వచ్చి చేరినవాళ్ళ గడిలో మాత్రం సున్నా. అప్పుడు షీటులో ‘అడగడమే గానీ రారు. ఇక వెళ్ళనక్కర్లేదు’ అని రాసి ఆ జిల్లాని కొట్టిపారేసింది ఎవరో కాదు, ఆవిడే. వాళ్ళు రాకపోవడమేమిటి, వస్తూనే ఉన్నారు. కొండ జిల్లా పేరుతో అడిగి, లాడ్జి చిరునామాతో వస్తున్నారు.

“కామర్సంటే ఇష్టమేనా నీకు?” అని అడిగింది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగింది.

“లేదండి. మా వాళ్ళందరికీ మేకలు. పశువుల డాక్టరు చదవాలనుకున్నాను. మీ కోర్సుల పుస్తకంలో అది లేదు.”

“ఉందమ్మా! ఐదేళ్ళయింది ఆ కోర్సు పెట్టి.”

“మా స్కూల్లో ఉన్న పుస్తకంలో లేదండి. మీవాళ్ళు ఆఖరిసారి వచ్చినప్పుడు ఇచ్చింది ఒకటే ఉంది. అట్ట ఊడిపోతే మాస్టారు గుడ్డ పెట్టి కుట్టారు. అందరం అదే చదివి, అందులో ఉన్నదే ఎంచుకుని వస్తాం. ఉందని ఇక్కడికొచ్చాక తెలిసింది. అప్పటికి ఫీజు కట్టేశాం.” ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా లేదు. వాన సంగతి చెప్పినట్టే ఇదీ చెప్పి టీ తాగేసింది.

ఆ మధ్యాహ్నం మేడం ఐదేళ్ళ ఫారాల కట్టలు దింపించుకుంది. రెండో పేజీ అడుగున ‘స్వస్థలం’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఆవిడ ఎప్పుడూ వాడలేదు. చేరిన కొత్తలో షీటు మొదలుపెట్టినప్పుడు చూస్తే, ఒక్కో ఊరి పేరు పదిరకాలుగా రాసి ఉండేది, సగం పటంలోనే దొరికేవి కావు. ఎందుకొచ్చిన గొడవ, మొదటి పేజీ అడ్రసు శుభ్రంగా ఉంది కదా అని దాన్నే పట్టుకుంది. శుభ్రంగా ఉన్నది నిజమే అనుకోవడం ఆఫీసుల్లో పుట్టే జబ్బు. అయినా కాగితాన్ని ఇక నమ్మబుద్ధి కాక, రెండు సాయంత్రాలు హాస్టళ్ళ చుట్టూ తిరిగింది. తలుపు తట్టడం, “నాయనా, మీ అమ్మానాన్నా ఉండేదెక్కడ?” అని అడగడం. అరవై ఒక్కరిలో కొండ జిల్లా వాళ్ళు యాభై ఇద్దరు. ఐదుగురు ఇంకెక్కడివాళ్ళో. రేవు పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళు నలుగురంటే నలుగురు. యాభై ఇద్దరిలో పదకొండుమంది ఆ చిరిగిన పుస్తకం వల్ల తాము చదవాలనుకోని చదువు చదువుతున్నారు.

ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే. ప్రయాణానికి పన్నెండు రోజులుంది. నోరు మెదపకపోతే విమానం ఎక్కుతుంది, పాత రేవు వీధిలో నడుస్తుంది. చెప్తే రేవు పట్నానికి మనిషి వెళ్ళాల్సిన పనే లేదు. వెళ్ళాల్సింది కొండ జిల్లాకి, దానికి ఎవరిని పంపుతారో డైరెక్టరు గారి ఇష్టం.

మొగుడితో చెప్పింది. ఆయన భోజనం చేస్తూ అంతా విని, “వెళ్ళొచ్చాక చెప్పు. కొంపలేం మునిగిపోవు. ఆరేళ్ళు ఆగినవాళ్ళు ఇంకో ఏడాది ఆగలేరా?” అన్నాడు.

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. “అంత తేలిగ్గా అనేస్తారేం?” అని కంచం ముందునుంచి లేచిపోయింది. కోపం ఆయన మీద కాదు. రెండు రోజులనుంచీ తన మనసు తనకి చెప్తున్నదీ అక్షరం పొల్లుపోకుండా అదే మాట.

నేను ఇక్కడ ఆవిణ్ణి దేవతని చెయ్యను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంది. ఊరుకోవడమే కాదు, చెల్లెలిచ్చిన కోటుకి గుండీలు జరిపి కుట్టుకుంది. పడుకుంటే ఆ వీధి కళ్ళముందుకొచ్చేది. ఇప్పుడది లాడ్జిల వీధి అని తెలిసినా సరే, వీధి వీధే కదా, సముద్రం సముద్రమే కదా అనుకునేది. వెళ్ళాలి. ఒక్కసారి వెళ్ళాలి. తన చేత్తో రాసిన ఏ ఒక్క ఊళ్ళోనైనా తన కాలు పెట్టకుండానే ఈ బతుకు తెల్లారిపోతుందా అని దిండులో మొహం పెట్టుకుని కుమిలిపోయింది. యాభై నాలుగేళ్ళ మనిషి, చంటిపిల్లలా.

ఐదో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల మామూలుగా కవర్లు అంటిస్తూ, “మేడం, మా తమ్ముడు ఈ నెలాఖరుకి ఫారం నింపుతున్నాడు. వాడికి వంతెనలు కట్టడం ఇష్టం. మాస్టారి పుస్తకంలో అదీ లేదు. ఉందా మీ దగ్గర?” అని అడిగింది.

“ఉంది” అంది మేడం. అని, షీటు చుట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళింది.

ఆయన మొత్తం విన్నాడు. మధ్యలో రెండుసార్లు నుదురు రుద్దుకున్నాడు. “ఆరేళ్ళ కిందట ఆ జిల్లాకి వెళ్ళొద్దన్నది ఎవరు?”

“నేనేనండి.”

“పట్నానికి వెళ్ళమన్నది?”

“అదీ నేనే.”

ఆయన మంచివాడే గానీ మొహమాటం లేనివాడు. “ఇప్పుడు కాబట్టి సరిపోయింది. ఇంకో ఏడాది పోతే మనల్ని చూసి జనం ముక్కున వేలేసుకునేవాళ్ళు. సరే, అయిందేదో అయింది. టిక్కెట్లు రెండున్నాయి. అక్కణ్ణుంచి కొండల మీదికి బస్సులో పోవచ్చన్నమాట. ఆఫీసరు వెళ్తాడు. కానీ ఆ స్కూళ్ళలో, ఇళ్ళల్లో పట్నం భాష చెల్లదు. పోయినసారి అందుకే ఏమీ తేల్లేదని రాశాడు. ఆ కొండ భాష మీకొచ్చా?”

“రాదండి.”

ఆయన ఫైలు తాడు ముడి విప్పాడు, మళ్ళీ ముడేశాడు. అనాల్సింది ఆవిడే అనాలని కనిపెట్టుకుని కూర్చున్నాడో, ఇరవై నాలుగేళ్ళ మనిషి మొహం మీద అనలేకపోయాడో. ఆవిడే అంది. “మన దగ్గర కవర్లు అంటించే పిల్ల ఉందండి. మూడో ఏడు. వాళ్ళ భాషా వచ్చు, మన భాషా వచ్చు. ఆ పిల్లని పంపితే మేలు.”

“మీరు...”

“పిల్లలకి పిల్లలు చెప్తేనే బాగా ఎక్కుతుందండి.”

“అయితే షీటు మార్చి తీసుకురండి” అన్నాడాయన, కిటికీ వైపు చూస్తూ.

గదికొచ్చి కూర్చుంది. కొండ జిల్లా వరసలో మొదటి గడిలో ‘తప్పకుండా వెళ్ళాలి’ అని రాసింది. రేవు పట్నం వరసలో ‘వెళ్ళనక్కర్లేదు’ అని రాసింది. ఆ రెండు ముక్కలు రాయడానికి ఆవిడకి గంట పట్టింది. తర్వాత రెండో గడిలో తన పేరు మీద గీత కొట్టి, పక్కన ఆ పిల్ల పేరు రాసింది. రబ్బరు తీసుకుని పటం దగ్గరికి వెళ్ళి పట్నం మీది నీలం చెరపబోయింది. తొమ్మిదేళ్ళ నీలం, ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. వదిలేసి వచ్చింది.

ఆ సీటు అంతకుముందు ఎవరిదో ఆ పిల్లకి చెప్పొద్దని సూట్‌కేసుని గట్టిగా హెచ్చరించింది. ఆయన మొదటిసారి ఆవిడ మొహంలోకి సరిగ్గా చూసి, “మేడం, స్టేషను బయట రోడ్డు ఎలా ఉంటుందో ఈసారి చూసొస్తాను” అన్నాడు. “నువ్వు ముందు కొత్త పుస్తకాలు ఐదొందలు మర్చిపోకుండా పట్టుకెళ్ళు” అంది ఆవిడ.

బయల్దేరే రోజు పొద్దున్నే ఆ పిల్ల పరుగున వచ్చింది. మూడేళ్ళయింది ఇల్లు చూసి. పాదాలు నేలమీద ఆనడం లేదు. నెమ్మదిగా ఏరుకుని మాట్లాడే పిల్ల, ఆ రోజు మాటలు ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చేస్తున్నాయి. అమ్మకి ఇంకా చెప్పలేదట, తనే వెళ్ళి గుమ్మంలో నిలబడి పిలుస్తుందట. మేడం ఆ పిల్ల కాలరు సరిచేసి, దారిలో నీళ్ళు ఎక్కడపడితే అక్కడ తాగొద్దని చెప్పింది.

“మీరు కూడా ఒకసారి మా ఊరు రండి మేడం. వస్తారా?”

ఇరవై నాలుగేళ్ళలో తెలిసి తెలిసి ఒక్క తప్పు ముక్క కాగితం మీద పెట్టని మనిషి. “వస్తాను” అంది.

ఆ పిల్ల దాన్ని నిజమే అనుకుంది. “పటంలో మా ఊరు ఉండదండి, దారి తెలియాలి కదా” అని బల్ల మీది కాగితం లాక్కుని, నిలబడే గబగబా రాసి చేతిలో పెట్టింది. కింద సైకిల్ స్టాండు దగ్గర కారు హారను మోగుతోంది. వెళ్ళిపోయింది.

ఆ గదికి వచ్చిన ప్రతి కాగితానికీ ఒక ఫైలుండేది. దీన్ని మాత్రం మేడం ఏ ఫైల్లోనూ పెట్టలేదు. మడిచి సంచిలో వేసుకుని సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళింది.

మొగుడు షాపు మూసి అప్పుడే వచ్చాడు. ఆవిడ ఏమీ చెప్పకుండా కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన దీపం కిందికి జరిగి, కళ్ళద్దాలు మార్చుకుని పైకే చదివాడు. “పట్నంలో పెద్ద బస్టాండు. కొండల బస్సు పొద్దున ఒక్కటే. మొదటి రాత్రి వంతెన దగ్గర ఊళ్ళో పడుకోవాలి, టీ కొట్టు వాళ్ళు చోటిస్తారు. పొద్దున్నే చిన్న బస్సు మారాలి. మీరు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. దిగాక స్కూలు కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఎవర్నడిగినా మా ఇల్లు చెప్తారు. మీరొస్తారని అమ్మకి చెప్తాను.”

వేళాకోళం ఏదో ఆడతాడనుకుంది. ఆయన ఆడలేదు. మళ్ళీ మొదటినుంచీ చదువుకున్నాడు, ఈసారి వేలు పెట్టి.

“వంతెన దగ్గర చిన్న బస్సు ఎన్నింటికో రాయలేదేం ఈ పిల్ల?” అన్నాడు. “అది తెలియకపోతే మనం ఎలా వెళ్తాం?”

“తిరిగొచ్చాక అడుగుతాను” అంది ఆవిడ. ఇంకేదో అనబోయింది గానీ, కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.